ఆకు చూసి ఆగిన రోడ్డు

మా నగర కౌన్సిల్లో పన్ను గురించి మాట్లాడని సభ్యుడు లేడు. పన్ లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకే నేను లేచి నిలబడగానే మేయర్ అనూరాధ గారు ముందే చెయ్యి ఎత్తేస్తారు. ఆవిడ ఇదివరకు లెక్కల టీచరు. కార్పొరేటర్లని సైతం బెంచీ ఎక్కించే చూపు ఇంకా పోలేదు.

"తిరుమలరావు గారూ, ఇది మంచినీళ్ల అంశం. మాటల అంశం కాదు."

"మా వార్డులో మంచీ లేదు, నీళ్లూ లేవు మేడమ్. మాటలతోనే గొంతు తడుపుకుంటున్నాం."

సభ నవ్వుతుంది. నవ్వు ప్రతిసారీ వచ్చింది. నీళ్లే రాలేదు.

మా వార్డు జాలరిపేట దాటాక సముద్రం ఒడ్డునే ఉంటుంది. అందులో తెడ్లపాలెం అని ఒక పేట. దాని వెనక సముద్రం, ముందు నాలుగు వరసల రోడ్డు. వెనక్కి చూస్తే తాగలేని నీళ్లు, ముందుకి చూస్తే దాటలేని దారి. తాగే నీళ్ల కొళాయి రోడ్డుకి అవతల ఉంది, ఇవతలికి పైపు లేదు. ఆ చోటుని లంగరు జంక్షన్ అంటారు. ఎప్పుడో ఒక పాత ఓడ లంగరు తెచ్చి, కొళాయి పక్కనే దిమ్మ కట్టి నిలబెట్టారు. లంగరు దిమ్మకే గానీ బళ్లకి లేదు. కూడలి అంటే దారులు కూడే చోటు. మాది మనుషులకి కూడని చోటు.

అక్కడొక సిగ్నల్ స్తంభం, దానికి మూడు దీపాలు. ఎర్రదాంట్లో కాకి గూడు పెట్టింది. పచ్చది పగిలిపోయింది. మధ్యలో పసుపు దీపం ఒక్కటే మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. ఆగమనీ అనదు, పొమ్మనీ అనదు. అది మా కౌన్సిల్ని చూసి నేర్చుకుందో, కౌన్సిలే దాన్ని చూసి నేర్చుకుందో చెప్పలేను.

కొళాయిలో నీళ్లు పొద్దున్న కాసేపే వస్తాయి. సరిగ్గా ఆ కాసేపట్లోనే ఉక్కునగరం వెళ్లే షిఫ్టు బస్సులు, దువ్వాడ వైపు కాలేజీ బస్సులు, పోర్టు లారీలు, ఆఫీసుకి ఆలస్యమైన యావత్ విశాఖపట్నం వచ్చి ఆ జంక్షన్ మీద పడతాయి. నీళ్లనీ బళ్లనీ ఎవరో ఒకే వాల్వు తిప్పి వదిలినట్టు ఉంటుంది.

కొళాయి అంశం, సిగ్నల్ అంశం మా అజెండాలో ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. కానీ అజెండా అంటే ఎవరి జెండా వారిదే కదా. నీళ్ల విభాగం ఇంజనీరు శ్రీరామ్మూర్తి గారు లేచి ఇలా అంటారు:

"రోడ్డుకి అడ్డంగా తవ్వి పైపు వేస్తే తెడ్లపాలేనికి కొళాయి ఇచ్చేస్తాం మేడమ్. కానీ తవ్వాలంటే సగం రోడ్డు మూసి, ఒకవైపు బళ్లు ఆపి రెండోవైపు వదలాలి. ఆపడానికి సిగ్నలేదీ? ముందు వాళ్లని సిగ్నలు బాగు చెయ్యమనండి."

వెంటనే సిగ్నళ్లు చూసే సాయిశంకర్ లేస్తాడు. "నా కేబుల్ వెళ్లేది ఆ రోడ్డు కిందే మేడమ్. నేను సిగ్నలు పెట్టాక వీళ్లొచ్చి తవ్వితే అది తెగిపోతుంది. ముందు వాళ్లని తవ్వుకోమనండి."

"మేడమ్, తవ్వితే కేబుల్ తెగుతుంది, తవ్వకపోతే ఈ గొడవ తెగదు" అన్నాను నేను ఒకసారి.

శ్రీరామ్మూర్తి గారు నీళ్లు నమిలారు. ఊరంతా నీళ్లకి కటకటలాడినా ఆయనకి నమలడానికి మాత్రం ఎప్పుడూ ఉంటాయి. సాయిశంకర్ ముఖం ఎర్రబడింది. లంగరు జంక్షన్ పేరు చెప్పి ఎర్రగా వెలిగింది అదొక్కటే. ఇంతలో బయట క్యాంటీన్లో ఇడ్లీ వాయ దిగింది, లోపల అంశం వాయిదా పడింది.

ఇవన్నీ నాకు సభలో సరదాలు. తెడ్లపాలెంలో అసిరమ్మకి మాత్రం ప్రాణం మీద మాట.

అసిరమ్మ చేపలమ్ముతుంది. అరవై దాటాయి, మోకాళ్లు అరిగాయి. మొగుడు పైడయ్యకి వేటకి వెళ్లే ఓపిక పోయింది. కొడుకు పడవ మీద, కోడలు తెల్లారకుండానే ఫ్యాక్టరీ బస్సులో. ఇంటికి నీళ్లు తేవాల్సింది అసిరమ్మే. పక్కింటి చిట్టమ్మని మొన్న వేసవిలో ఆ రోడ్డు మీదే మోటార్‌సైకిల్ గుద్దింది, కాల్లో రాడ్డు వేశారు. చిట్టమ్మకి యాభై కూడా లేవు, పరిగెత్తగలదు. పరిగెత్తగలిగిన మనిషికే అలా అయితే పరిగెత్తలేని అసిరమ్మ సంగతి ఏమిటి? నేను పేటలోకి వెళ్లినప్పుడల్లా ఆమె గుమ్మంలోనే నిలేసేది.

"బాబూ, సముద్రాన్ని సూసి నాను ఏనాడూ బయపడ్లేదు. ఈ రోడ్డుని సూత్తే కాళ్లు వొణుకుతన్నాయి. అలకి ఒక మరేద ఉన్నాది, వొచ్చినాక ఎనక్కెల్తాది. ఈ బళ్లు ఎనక్కెల్లవు కదా! మా యీదిలో ఒక్క కొళాయి ఏయించీ నాయనా. నా కాళ్లు ఇరిగినాక ఏత్తే ఏటి లాబం?"

"వేయిస్తానమ్మా. నువ్వు ఓటేశావు, నేను కొళాయి వేస్తాను."

"ఓటు నాను ఒక్క పూటలో ఏసీసినాను. నువ్వేటి ఇన్నాళ్లయినా ఎయ్యలేకపోతన్నావు?"

ఇంత మాటకారినీ, స్కూటర్ తిప్పుకుని వచ్చేశాను.

వర్షాలు తగ్గిన కొత్తల్లో ఒక పొద్దున్న నేను స్కూటర్ మీద లంగరు జంక్షన్‌కి వచ్చాను. నా ముందు ఉక్కునగరం షిఫ్టు బస్సు, దాని ముందు ఏ కదలికా లేని నిశ్శబ్దం. అక్కడ బళ్లు ఆగడం నేనెప్పుడూ చూడలేదు. యాక్సిడెంటే అనుకున్నాను. పక్కకి వంగి చూశాను.

బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. చెప్పులు మెట్టు దగ్గరే విడిచి తారు మీద వట్టికాళ్లతో నిలబడి చేతులు జోడించాడు. ఎదురుగా లారీవాడు తలగుడ్డ విప్పాడు. మోటార్‌సైకిళ్ల మీద కుర్రాళ్లు హెల్మెట్లు తీశారు. హారన్ మీదకి వెళ్లిన చేతులు సగం దారిలో నమస్కారాలైపోయాయి. నేనూ బూట్లు విప్పేశాను.

రోడ్డు మధ్యలోంచి అమ్మవారి ఘటం వస్తోంది. నిగనిగలాడే ఇత్తడి బిందె. మూతి నిండా పచ్చని వేపరెమ్మ. కింద పసుపు రాసుకున్న ముఖం, రూపాయంత బొట్టు, పసుపుపచ్చ కోక, ఉత్త పాదాలు. అడుగు అడుగుకీ ఆ మనిషి అటూ ఇటూ ఊగుతోంది. పూనకం! ఒక ఆటోలోంచి ఆడమనిషి గబగబా దిగి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్లు ఆమె పాదాల మీద పోసి కళ్లకద్దుకుంది. నా ఒళ్లు జలదరించింది. అబద్ధమెందుకు, కళ్లు చెమర్చాయి.

ఘటం నన్ను దాటుతుండగా ఆ ముఖం చూశాను. అసిరమ్మ!

తర్వాత అడిగితే తెలిసింది. రోజూ మోసే ప్లాస్టిక్ బిందె బీట తీసింది, అందుకని పెళ్లినాటి ఇత్తడి బిందె తీసింది. మోకాళ్ల వణుకుకి నీళ్లు తొణుకుతాయని ఒక రెమ్మ తుంచి బిందెలో వేసింది. నీళ్ల మీద ఆకు పరుచుకుంటే ఒలకవని మా వైపు ఆడవాళ్లందరికీ తెలుసు. కొళాయి పక్కనున్నది వేపచెట్టు. కానుగచెట్టు అయ్యుంటే ఈ కథే లేదు. ఇక ఆ పూనకం మోకాలి నొప్పి!

బిందె నెత్తి మీదున్న మనిషికి పక్కచూపు ఉండదు. ముందున్న బారెడు తారు తప్ప అసిరమ్మ ఏమీ చూడలేదు. బళ్లు ఆగాయని మాత్రం తెలుసుకుంది.

"బాబూ, సిగ్నలు బాగు సేయించీసినావా ఏటి? అందరూ ఆగీసినారు. ఒక పిల్ల మాత్తరం నా కాళ్ల మీద నీళ్లు వొంపీసినాది. నాను నీళ్లకి ఇంత దూరం ఎల్లి మోసుకొత్తంటే, అది ఆ నీళ్లు కాళ్లకి పోత్తాదేటి!"

నేను ఏదో అనేలోపు ఆమెకే ఒక ఆలోచన తట్టింది. ముఖం వెలిగిపోయింది.

"ఓలమ్మా, తెలిసినాది. పచ్చ దీపం పగిలిపోనాది కదా. పచ్చాకు సూపిత్తే పచ్చ దీపం కిందే లెక్క. ఆ రెమ్మని సూసే ఆగినారు!"

మర్నాటి నుంచీ తెడ్లపాలెం ఆడవాళ్లంతా బిందెలో వేపరెమ్మ వేయడం మొదలెట్టారు. ఎవరు ఏమనుకుని ఆగుతున్నారో వాళ్లకి పట్టలేదు. ఆగుతున్నారు, అంతే. వేపాకు అంటే 'వే' ఇచ్చే ఆకు అని నాకు అప్పుడే తెలిసింది. కొళాయి పక్క చెట్టు కిందికొమ్మలు బోసిపోయాయి. కానీ ఆ రోజుల్లో లంగరు జంక్షన్లో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

ఇదే మా కొంప ముంచింది.

తర్వాతి సమావేశానికి నేను అసిరమ్మని, మరికొందరిని వెంటబెట్టుకుని వెళ్లి సందర్శకుల బాల్కనీలో కూర్చోబెట్టాను. ఆ ముసలి మోకాళ్లని చూస్తే అయినా ఎవరికో ఒకరికి జాలి కలుగుతుందని ఆశ. అంశం రాగానే పక్క వార్డు కార్పొరేటరు దొరబాబు లేచాడు. నన్ను బావా అంటూనే కాలు లాగే మనిషి. తెడ్లపాలేనికి రావాల్సిన పైపులు తన వార్డుకి మళ్లించుకోవాలని ఎప్పట్నుంచో చూస్తున్నాడు.

"మేడమ్, లంగరు జంక్షన్లో ఇప్పుడు సమస్యే లేదు. తెడ్లపాలెం ఆడోళ్లు బిందెలో ఆకేసుకుని నడుస్తున్నారు, బళ్లన్నీ ఆగిపోతున్నాయి. ఆకు చూస్తే ఆగు! ఇంక సిగ్నలెందుకు, పైపెందుకు? రెండు అంశాలూ కొట్టేయండి."

ఆకు, ఆగు! అంత చక్కటి శ్లేష నా శత్రువు నోట్లోంచి రావడం నాకు రెండు రకాల దెబ్బ.

"ఆకు చూస్తే ఎందుకు ఆగుతారండీ?" మేయరు గారు అడిగారు.

"ఘటం అనుకుంటున్నారు మేడమ్! అమ్మోరు వస్తోందని బస్సులోళ్లు చెప్పులిప్పి దండాలు పెడుతున్నారు. ఇదిగో మా బావ కూడా బూట్లిప్పాడని విన్నాను!"

సభంతా గొల్లుమంది. మేయరు గారి పెదవి కూడా కదిలింది. ఆ నవ్వు ఇంకా సద్దుమణగకముందే బాల్కనీలో ఒక కుర్చీ కిర్రుమంది. అసిరమ్మ కమ్మీ పట్టుకుని లేచింది. అక్కడ కూర్చున్నవాళ్లు నోరు మెదపకూడదని రూలు. ఆమెకి ఆ రూలు తెలీదు.

"ఏటి బాబూ నువ్వన్నది? ఘటం అనుకుని ఆగినారా?"

నవ్వు ఆగింది. దొరబాబు తల ఎత్తి, "అవునమ్మా, మరేమనుకున్నావ్?" అన్నాడు.

అసిరమ్మ రెండు చేతులతో చెంపలు వేసుకుంది. ఒకసారి కాదు. ఆ చప్పుడు కింద హాలంతా వినబడింది. "తప్పు తల్లీ, తప్పు. నా ఇంటి కుండ నింపుకోడానికి నీ పేరు మోసినాను. తెలీక మోసినాను." తర్వాత ఎవర్ని చూసి అనాలో తెలీనట్టు సభ మొత్తానికి చెప్పింది, "రేపట్నుంచి నాను రెమ్మ ఎయ్యను."

"వెయ్యకపోతే ఎలా దాటతావమ్మా?" మేయరు గారు అడిగారు. సందర్శకులతో మేయరు మాట్లాడటం కూడా రూలు కాదు.

"తెలీదు తల్లీ. గుద్దేత్తే గుద్దేత్తారు. అమ్మోరికి దొంగ దండాలు ఎట్టించి ఆ నీళ్లు నా మనవరాలికి తాపలేను."

అంశం కొట్టేయడమా, ఉంచడమా అని చేతులెత్తించాల్సిన సమయం. మేయరు గారు కాసేపు పెన్ను టేబుల్ మీద తట్టారు. "రేపు పొద్దున్న అందరం లంగరు జంక్షన్ దగ్గర కలుద్దాం. అక్కడే చూద్దాం, అక్కడే తేలుద్దాం" అన్నారు. ఇంటికెళ్లే దారిలో అసిరమ్మకి ఎంతో చెప్పాను, ఒక్క రేపటికి రెమ్మ వేసుకోమని. ఆమె నా వైపు చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు కౌన్సిలంతా లంగరు దిమ్మ దగ్గర నిలబడింది. ఇస్త్రీ బట్టలు, వెనకాల ఇంజనీర్లు, ఆ వెనకాల పసుపు దీపం. బళ్ల రొదలో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. అసిరమ్మ అవతలి నుంచి ఖాళీ బిందెతో, సందు దొరికినప్పుడల్లా నాలుగు అడుగులు వేస్తూ, కాలేజీ బస్సుకి వెనక్కి తగ్గుతూ మా వైపు వచ్చింది. దొరబాబు గభాలున ముఖం తిప్పుకున్నాడు.

"పొద్దున్నే ఖాళీ బిందె ఎదురేటి బావ!"

"నిండు బిందె ఎదురు రావాలంటే ఆళ్ల వీధిలో కొళాయి ఉండాలి బావ" అన్నాను.

అసిరమ్మ కొళాయి దగ్గర బిందె నింపింది. పక్కనే చెట్టు, చెయ్యి చాపితే అందే రెమ్మ. దాని వైపు చూడను కూడా చూడలేదు. చుట్టకుదురు సర్దుకుని బిందె నెత్తికెత్తుకుని రోడ్డు అంచున నిలబడింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు. ఎవరి బిందెలోనూ ఆకు లేదు.

ఎవరూ ఆగలేదు.

ఆటోలు, మోటార్‌సైకిళ్లు, లారీలు. ఆకు లేని బిందె అంటే నీళ్ల బిందె. నీళ్ల బిందె అంటే ఎవరో ఒకరు. ఎవరో ఒకరి కోసం ఎవరాగుతారు? అసిరమ్మ మోకాళ్లు వణికిన కొద్దీ నీళ్లు తొణికి నుదుటి మీంచి కారుతున్నాయి. పసుపు కరిగి కంట్లోకి దిగుతోంది. ఒక చెయ్యి బిందె మీద, ఒక చెయ్యి నడుం మీద, తుడుచుకోడానికి మూడో చెయ్యి లేదు. కళ్లార్పుతూ నిలబడింది. అంతసేపు ఆ మెడ అలా నిలబడటం నేను చూడలేకపోయాను. నీటి సరఫరా మీద నేను సభలో ఎన్ని ప్రసంగాలు చేశానో! నీళ్లకి బరువుంటుందని ఒక్కదాంట్లోనూ లేదు.

ఆమె ఒక కాలు తారు మీద పెట్టింది. లారీ ఒకటి గాలి విసురుతూ పోయింది. కోక రెపరెపలాడింది. కాలు వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది.

"వద్దమ్మా!" మేయరు గారు అరిచారు. నా చెయ్యి పట్టుకుని, "తిరుమలరావు గారూ, ఆపండి" అన్నారు.

"ఎవర్ని మేడమ్? ఆవిణ్ణా, బళ్లనా?"

అప్పుడే ఉక్కునగరం షిఫ్టు బస్సు వచ్చింది. డ్రైవరు మొన్నటి మనిషే. వీరన్న అని, శ్రీకాకుళం వైపు వ్యవసాయం ఇంటివాడు, బస్సు నడుపుకుంటూ ఇక్కడే ఉంటున్నాడు. అసిరమ్మని గుర్తుపట్టి బ్రేకు వేశాడు. వెనక హారన్లు గోలెత్తాయి. కిందికి దిగి దగ్గరకొచ్చి బిందె వైపు చూశాడు.

"అమ్మా, ఏపరెమ్మ ఏదీ?"

"లేదు నాయనా. ఇది ఘటం కాదు. ఏనాడూ ఘటం కాదు. ఇంటికి తాగీ నీళ్లు. ఒలక్కుండా రెమ్మ ఏసీదాన్ని. నువ్వేమో అమ్మోరనుకుని దండాలు ఎట్టీసినావు. తప్పు నాదే, నన్ను తిట్టు. నీ బస్సు పోనీ."

మేమంతా విన్నాం. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఇన్నాళ్లూ తాను వట్టి నీళ్ల బిందెకి చెప్పులిప్పి దండం పెట్టానని అంతమంది ఎదుట తెలిసిన మనిషి ఏం చేస్తాడు? నేనైతే నవ్వేసి బస్సెక్కేవాణ్ణి. వీరన్న నవ్వలేదు. ఆమె ముఖం మీద కారుతున్న నీళ్లని చూస్తూ ఉండిపోయాడు.

"ఎవులు తాగుతారమ్మా ఈ నీళ్లు?"

"మా ముసిలోడు, నా మనవరాలు. మిగిల్తే నాను."

"ఘటంలో మాత్తరం ఏటుంటాయి తల్లీ? నీళ్లే కదా" అన్నాడు.

అని వంగి చెప్పులు విప్పాడు. మొన్న పొరపాటున విప్పాడు. ఇవాళ అన్నీ తెలిసి విప్పాడు. రోడ్డు మధ్యకి నడిచి రెండు చేతులూ బారచాపి నిలబడి, గొంతెత్తి కేక వేశాడు.

"ఆపండి! నీళ్లెల్తన్నాయి!"

ఆ కేక లారీవాడు అందుకున్నాడు. "నీళ్లెల్తన్నాయ్ రోయ్!" లారీ నుంచి ఆటోకి, ఆటో నుంచి కాలేజీ బస్సుకి. ఘటం అని ఎవరూ అనలేదు. అమ్మోరు అని ఎవరూ అనలేదు. నీళ్లు అన్నారు. ఒక్కొక్క ఇంజనూ ఆగిపోయింది. ఎక్కడో చివర మొరాయిస్తున్న ఒక పాత స్కూటరు కూడా దగ్గి ఊరుకుంది.

అప్పుడు వినబడింది. మొదట అదేమిటో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, సముద్రం. ఇంత దగ్గరగా ఉందని మర్చిపోయిన సముద్రం, తెడ్లపాలెం ఇళ్ల వెనక అలలు ఇసక మీద విరిగి వెనక్కి వెళ్తున్న చప్పుడు, నాలుగు వరసల రోడ్డు మీద పరుచుకుంది. నేను పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ చోట ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. ఆ చప్పుడులో అసిరమ్మ నడిచింది. ఆమె వెనక మిగతా బిందెలన్నీ నడిచాయి. తారు మీద తడి పాదాల గుర్తులు పడుతూ, ఎండలో ఆరిపోతూ ఉన్నాయి. ఎవరూ దండం పెట్టలేదు. అందరూ నిలబడ్డారు, అంతే. దండం కంటే ఆ నిలబడటమే పెద్దదిగా కనిపించింది నాకు.

చివరి బిందె అవతలి గట్టెక్కింది. ముందుగా నోరు తెరిచింది దొరబాబే.

"చూశారా మేడమ్, ఆకు కూడా అక్కర్లేదు, అయినా ఆగు..." మాట పూర్తి చేయలేకపోయాడు. బిందెలు వెళ్లిన వైపే చూస్తున్నాడు.

"అవును దొరబాబు గారూ, ఆగారు" అన్నారు మేయరు గారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, బోర్డు మీద లెక్క తేలిన టీచరులా శ్రీరామ్మూర్తి గారి వైపు తిరిగారు. "బళ్లు ఆపేవాళ్లు లేరనే కదండీ మీరు తవ్వనన్నది?"

శ్రీరామ్మూర్తి గారికి నమలడానికి కూడా నీళ్లు దొరకలేదు. "అంతే మేడమ్."

"ఎవరు ఆపారో చూశారు కదా. ఇంకేం అడ్డు?"

వీరన్న చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ ఇటు వచ్చాడు. "తవ్వండమ్మా. సగం సగం మూసుకోండి. మా షెడ్డులో డ్రైవర్లందరికీ నాను సెప్తాను. చెయ్యి సూపిత్తే ఆగుతాం. లారీ యూనియనోళ్లు మావోళ్లే."

"వాళ్లు పైపు వేశాక, గొయ్యి పూడ్చేలోపే మీరు కేబుల్ వేస్తారు" అని సాయిశంకర్‌తో అన్నారు మేయరు గారు. ఆ కుర్రాడు తల ఊపాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇక్కడే చెప్పండి."

అందరూ దొరబాబు వైపు చూశారు. దొరబాబు కిందికి వంగి ఏదో వెతుకుతున్నాడు. ఎప్పుడు విప్పాడో, అతనూ వట్టికాళ్లతో ఉన్నాడు. జనం కాళ్ల మధ్య చెప్పులు ఎటో పోయాయి.

"ఏటి బావ, ఏమైనా చెప్తావా?"

"చెప్పే దొరక్కపోతే ఏటి చెప్పమంటావ్ బావ!"

ఆ రెండో శ్లేష కూడా వాడిదే. ఒప్పుకోక తప్పదు. అంశం లంగరు దిమ్మ సాక్షిగా ఆమోదం పొందింది.

తవ్వకం జరిగినన్నాళ్లూ పొద్దున్నే వెళ్లి చూసేవాణ్ణి. మూసిన సగం వైపు గోతిలో కూలీలు, తెరిచిన సగం వైపు బళ్లు. కర్రకి ఎర్రగుడ్డ కట్టుకుని ఒక మనిషి నిలబడేవాడు గానీ, అతను ఎత్తకముందే ఆగేవారు. అప్పుడే రోడ్డు కింద ఏముందో మొదటిసారి చూశాను. తారు, కంకర, ఎర్రమట్టి, దాని కింద సముద్రపు ఇసక, గవ్వలు. మేమంతా ఒడ్డు మీదే ఉన్నాం, ఇన్నాళ్లూ పైన తిరుగుతూ తెలుసుకోలేదంతే.

తెడ్లపాలెం వీధి మొదట్లో కొళాయి నిలబెట్టిన రోజున పేటంతా పోగైంది. చిట్టమ్మ చేతికర్రతో వచ్చి అందరికంటే ముందు నిలబడింది. శ్రీరామ్మూర్తి గారు అవతలి వైపు ఉన్నవాళ్లకి వాల్వు తిప్పమని ఫోన్ చేశారు. కొళాయి ముందు బుస్సుమని గాలి వదిలింది. తర్వాత తుప్పు నీళ్లు, తర్వాత మట్టి నీళ్లు, తర్వాత ఒక్కసారిగా అద్దంలాంటి ధార. పిల్లలు కేకలు పెట్టారు. ఆడవాళ్లు బిందెలతో తోసుకున్నారు.

అసిరమ్మ కోసం చూశాను. ఆమె మొదటి బిందె కొళాయి కింద పెట్టేసి ఇటు తిరిగి, రోడ్డు వైపు చూస్తోంది. రోడ్డు మీద వీరన్న బస్సు ఆగకుండా దూసుకుపోతోంది. దాని వెనక లారీలు, ఆటోలు, ఆలస్యమైన విశాఖపట్నమంతా.

"ఏమ్మా, కొళాయి ఇటుంటే అటు చూస్తావేం?"

"ఆ సక్రాల కిందనుంచే కదా బాబూ వత్తన్నాయి" అంది. వేలితో అవతలి చెట్టు దగ్గర్నుంచి మా కాళ్ల దాకా గాలిలో గీత గీసింది. "ఎవుల్నీ ఆపకుండా, ఎవుల్నీ అడక్కుండా దాటీసినాయి సూడు."

మోకాళ్లు పట్టుకుని గట్టు మీద కూలబడింది. వెనక బిందె నిండి పొర్లిపోతోంది. "కొళాయి కట్టీయే అసిరమ్మా, పోతన్నాయి!" అని చిట్టమ్మ అరుస్తోంది. అసిరమ్మ లేవలేదు. బళ్లు పోతూనే ఉన్నాయి, నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆమె నోరు కొద్దిగా తెరిచి, పసిపిల్లలా ఆ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.